సోమవారం పట్టు

ఆ మిల్లులో పనిచేసేవాళ్ళకి సోమవారమంటే హడల్. తక్కిన లోకానికి సోమవారం శివుడి వారం, ఉపవాసాల వారం. వీళ్ళకి మాత్రం రొమ్ము పట్టేసే వారం. ఆదివారం సెలవనుభవించి, మర్నాడు పొద్దున్నే పత్తిగింజ తీసే జిన్ను ముందు నిలబడి నాలుగు గంపల పత్తి పోశారో లేదో, పక్కటెముకలన్నీ ఎవరో తాడేసి దగ్గరికి లాగి బిగించినట్టయ్యేది. గాలి ఎలాగోలా లోపలికి పోయేది, బయటికి రావడానికే మొరాయించేది. మంగళవారానికి కాస్త వదులయ్యేది. బుధవారానికి మామూలే. దానికి సోమవారం పట్టు అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టాక ఇంకేముంది, ఇంటి మనిషయి కూర్చుంది. "ఏరా, పట్టిందా?" అంటే "పట్టకేం చేస్తుందిరా" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. నవ్వక ఏం చేస్తారు పాపం!

గుంటూరు ఊరి చివర, చిలకలూరిపేట రోడ్డు మీద ఉండేది ఆ పత్తిమిల్లు. మాఘమాసం వచ్చిందంటే నల్లరేగడి పల్లెల నుంచి పత్తిబళ్ళు బారులు తీరేవి. లోపల పొడుగాటి రేకుల షెడ్డు, అందులో వరసగా జిన్నులు. పత్తి పోస్తే గింజ కిందికి, దూది అవతలికి. ఆ రెంటికీ చెందని నుసి మాత్రం గాల్లోకి. అదెంత సన్నని నుసంటే, కిటికీలోంచి ఎండ పడ్డచోట తప్ప కంటికి ఆనదు. కంటికి ఆననిదానికి భయపడేవాడెవడు? కనుబొమలు తెల్లబడితే తువ్వాలుతో దులుపుకునేవాళ్ళు, అంతే. సాయంత్రం మిల్లు కూత కూశాక గేటు దగ్గర తలా ఓ బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. బెల్లం తింటే నుసంతా కడుపులోకి జారిపోతుందని మిల్లు పుట్టినప్పటి నుంచీ ఉన్న నమ్మకం. గొంతులోది జారేదేమో గానీ, అంతకన్నా లోపలికి దిగిపోయినదాన్ని ఏ బెల్లం పైకి తెస్తుంది?

చలమయ్య ఆ మిల్లులోనే జిన్నుకు పత్తి పోసేవాడు. ఒంగోలు వైపు మెట్టపల్లెలో వానలు ఎగ్గొట్టాక తల్లినీ పెళ్ళాన్నీ వెంటబెట్టుకుని వచ్చి మిల్లు వెనక సందులో కాపురం పెట్టాడు. తల్లి పేరు పున్నమ్మ. పెళ్ళాం మల్లేశ్వరి పున్నమ్మకు సొంత తమ్ముడి కూతురే, పొన్నూరు పక్క మాగాణి ఊళ్ళో పెరిగిన పిల్ల. మేనరికం కాబట్టి అత్తాకోడళ్ళ మధ్య మొహమాటాల్లేవు. పొద్దున తిట్టుకుని మధ్యాహ్నం ఒకే కంచంలో తినేవాళ్ళు. ఇంట్లో ఓ మూడేళ్ళ ఆడపిల్ల. చలమయ్య ఒట్టి మెత్తని మనిషి. ఎవరు పొమ్మంటే అటు పోయే రకం. మల్లేశ్వరికి ఆ మెత్తదనం మీద ఎంత ప్రాణమో అంత ఒళ్ళుమంట కూడా.

చలమయ్యకి తొలిసారి సోమవారం పట్టు పట్టినప్పుడు కారణం కనిపెట్టింది పున్నమ్మే. ఆవిడకి కారణం తెలియని రోగం లోకంలో లేదు. వాళ్ళ పల్లెలో మగవాళ్ళు శనివారం తలంటు పోసుకునేవాళ్ళు, ఆడవాళ్ళు శుక్రవారం. తాతల నాటి నుంచీ అదే వరస. మిల్లుకు శనివారం సెలవు లేదాయె. అందుకని చలమయ్య ఆదివారం పోసుకునేవాడు. మల్లేశ్వరి నువ్వులనూనె మాడుకు మర్దించి, కుంకుడుకాయలతో రుద్ది, మరిగే నీళ్ళు కుమ్మరించేది. ఆపైన ముద్దపప్పు, గడ్డపెరుగు, దీపాలవేళ దాకా నిద్ర. తెల్లారి మిల్లుకెళ్ళాడో లేదో పట్టు.

"ఆదివారం ఎవడన్నా తలకి నూనె పెడతాడంట్రా? శనోరం పోసుకోవాల్సిన నీళ్ళు ఆదోరం పోసుకుని, పెరుగన్నం తిని పగటిపూట పొర్లితే రొమ్ములో నెమ్ము చేరదూ?" అంది పున్నమ్మ.

ఇంకేం సాక్ష్యం కావాలి? మిల్లులో తక్కినవాళ్ళూ ఆదివారమే పోసుకుంటున్నారు, వాళ్ళకీ పడుతోంది. మల్లేశ్వరికి సబబుగానే తోచింది. సబబుగా తోచే తప్పులే కొంప ముంచేది.

ఆ ఏడు పత్తి విరగపండింది. బళ్ళు రోడ్డు దాకా ఆగిపోయాయి. మేస్త్రీ జాన్ బాషా సందులోకి వచ్చి, ఆదివారం కూడా జిన్నులు తిరుగుతాయని, ఇష్టమున్న మగవాళ్ళు రావచ్చని చెప్పాడు. చలమయ్యకి ఇష్టం లేదు. మంచంలో అటు తిరిగి పడుకున్నాడు. మల్లేశ్వరే దుప్పటి లాగేసింది.

"లెగు బావా. ఇంట్లో ఉంటే నూనె పెట్టమంటావు, పెరుగు పొయ్యమంటావు. మళ్ళీ రేపు రొమ్ము పట్టుకుని కూచుంటావు. లెగు, లెగు."

అతను నవ్వుతూ లేచి వెళ్ళాడు. ఆ మర్నాడు సోమవారం మల్లేశ్వరికి పొద్దుటి నుంచీ చేతులాడలేదు. సాయంత్రం సందు మలుపులో చలమయ్య కనిపించగానే ఎదురెళ్ళింది.

"పట్టిందా?"

"లేదే. పట్టలా!"

లేదు, నిజంగానే పట్టలేదు. ఓర్నాయనో, ఆ రోజు పున్నమ్మ సంబరం చూడాలి! సందులో ప్రతి గడపా ఎక్కి చెప్పింది. "నే చెప్పలా? నే చెప్పలా?" అని ఒకటే పాట. మల్లేశ్వరయితే ఆ సాయంత్రం అరిసెలపిండి కొట్టినంత హడావిడి చేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆదివారమన్నది లేకుండా పోయింది. చలమయ్యకి తలంటు లేదు, పెరుగు లేదు, పగటి నిద్ర లేదు. ఎప్పుడన్నా బద్ధకించి "ఇయ్యాల ఉండిపోతానే" అంటే మల్లేశ్వరి చేతికి తువ్వాలిచ్చి గుమ్మం దాటించేది. ప్రేమతోనే తరిమింది. మొగుడి రొమ్ము బాగుండాలని, పది కాలాలపాటు తన పక్కన ఉండాలని తరిమింది.

ఆ తర్వాతి ఏళ్ళూ జిన్నులు ఆదివారాలు తిరుగుతూనే ఉన్నాయి. అలా మూడు సీజన్లు గడిచాయి. చలమయ్యకి సోమవారం పట్టు రాలేదు. దానికి బదులు ఇంకేదో వచ్చింది. వచ్చిందని చెప్పడానికి ఒక రోజంటూ లేదు. మొదట బావి దగ్గర నుంచి నీళ్ళ బిందె తెస్తూ మధ్యలో ఆగేవాడు. ఏంటి బావా అంటే "మబ్బేమన్నా పట్టిందేమోనని చూస్తన్నా" అనేవాడు. తర్వాత పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. తర్వాత ఒక్క మాటకీ ఇంకో మాటకీ నడుమ ఊపిరి వెతుక్కోవడం మొదలైంది. రొమ్ములో పిల్లికూతలు. మిల్లు మూతపడ్డ వానాకాలంలో కూడా దగ్గు పోలేదు.

బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ముందూ వెనకా గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఏం పనంటే పత్తిమిల్లన్నారు. "మిల్లు మానేసి విశ్రాంతి తీసుకోవయ్యా" అని చెప్పి ఎర్రమందు సీసా ఇచ్చాడు. దారంతా పున్నమ్మ ఒకటే గొణుగుడు.

"విశ్రాంతంట, విశ్రాంతి! ఇంట్లో కూచుంటే వచ్చిన జబ్బుకి ఇంట్లో కూచోడమే మందంట. ఎంత సదువుకుంటే ఏం లాభం, ఈయన మన సోమవారాలు చూశాడా ఏంది?"

మల్లేశ్వరికి డాక్టరంటే గౌరవమే. కానీ తను కళ్ళారా చూసింది కదా. ఇంట్లో ఉంటే పట్టడం, మిల్లుకెళ్తే పట్టకపోవడం రెండూ చూసింది. కళ్ళారా చూసినదాన్ని కాదనుకోవడం ఎవరి తరం? ఎర్రమందు ఉన్నన్నాళ్ళు తాగించింది. అయిపోయాక సీసా కడిగి పున్నమ్మ ఆముదం పోసుకుంది.

చలమయ్య చెయ్యి నిదానించింది. మనిషి నిదానమైనా జిన్ను నిదానించదు కదా. జాన్ బాషా మంచివాడే, వెళ్ళగొట్టలేదు. "నీ పెళ్ళాన్ని కూడా తీసుకురారా, ఇద్దరి పనీ కలిపి చూసుకుంటాలే" అన్నాడు. పిల్లని అత్తకు అప్పజెప్పి మల్లేశ్వరి కొంగు బిగించింది. మొదటి ఏడు వసారాలో కూర్చుని పత్తిలో ఆకూ పుల్లా ఏరింది. రెండో ఏడు షెడ్డులోకి పిలిచారు. జిన్నుల వెనక రాలే దూదిని గంపలకెత్తి మోసుకెళ్ళే పని. ఆడవాళ్ళకి ఆదివారం పని లేదు, వారానికి ఆరు రోజులే.

ఒక సోమవారం. పని మొదలై ఇంకా పొద్దెక్కలేదు. మల్లేశ్వరి గంప ఎత్తబోయి ఆగింది. రొమ్ము మీద ఏదో బిగిసింది. రవిక ముడి గట్టిగా పడిందేమోనని వదులు చేసుకుంది. ముడి వదులైంది గానీ బిగువు వదల్లేదు. గాలి పీల్చింది, వచ్చింది. వదలబోయింది, కదల్లేదు. గోడకానుకుని నిలబడితే చెమట్లు పట్టాయి. పక్కనున్న ఆడమనిషి వీపు మీద చరిచి "పట్టిందా నీక్కూడా? సోమారం గందా" అని తన గంప తాను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పట్టిందా! ఎలా పడుతుంది? తను శుక్రవారం కదా తలంటు పోసుకుంది. నిన్న నూనె సీసా ముట్టుకోలేదే. పెరుగు తినలేదే. నిన్న పొద్దుటి నుంచి ఇల్లు అలికి, దుప్పట్లు ఉతికి, పిండి విసిరి, నడుం వాల్చడానికి కూడా తీరిక లేకపోయెనే. మల్లేశ్వరి ఆదివారమంతా మళ్ళీ మళ్ళీ వెతుక్కుంది, ఎక్కడన్నా ఒక నూనె చుక్క దొరుకుతుందేమోనని. దొరకలేదు. దొరికితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

తలెత్తితే అవతల జిన్ను ముందు చలమయ్య కనిపించాడు. కిటికీలోంచి పడిన ఎండ సరిగ్గా అతని ముఖం ముందు నిలిచింది. ఆ ఎండలో నుసి సుడి తిరుగుతోంది. చలమయ్య జిన్ను మీద చెయ్యానించి, నోరు తెరిచి ఊపిరి లాక్కుంటున్నాడు. లాక్కున్నప్పుడల్లా ఆ నుసి అతని నోట్లోకి పోతోంది. వెనక్కి రావడం మల్లేశ్వరికి కనపడలేదు.

అప్పుడర్థమైంది ఆమెకి. అర్థమయ్యాక గింజల కుప్ప పక్కన కూలబడింది. ఆదివారం జబ్బు కాదు. ఆదివారం ఒక్కరోజే అతని రొమ్ము కాస్త వదులయ్యేది. వదులైంది కనకనే సోమవారం మళ్ళీ బిగిస్తే తెలిసేది. ఆ వదులయ్యే రోజు కూడా తీసేస్తే ఇక బిగిసిందన్న సంగతి మాత్రం ఎట్లా తెలుస్తుంది? పట్టు పోయిందని తాము పండగ చేసుకున్న రోజు నుంచి ఆ పట్టు వదిలిందే లేదు. ఆ ఒక్క రోజునీ లాగేసుకున్నది ఎవరు? తనే. తన చేత్తోనే తువ్వాలిచ్చి పంపింది.

సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. సందు దాకా ఏకబిగిన నడవడం చలమయ్య వల్ల కాక చాలా రోజులైంది. దారిలో తూము గోడ మీద కూర్చునేవాళ్ళు. ఆ రోజూ కూర్చున్నారు. పత్తిబళ్ళు ఒకటొకటే దాటిపోతున్నాయి.

"బావా, ఇయ్యాల నాక్కూడా పట్టింది" అంది మల్లేశ్వరి.

చలమయ్య చటుక్కున ఆమె వంక చూశాడు.

"శుక్రవారం పోసుకున్నా. నిన్న నూనె ముట్టుకోలా, పండుకోలా. మరి నాకెందుకు పట్టిందంటావ్?"

అతను తువ్వాలు తీసి దులిపాడు. దులిపిందే మళ్ళీ దులిపాడు. ఆ దులపడం చూస్తే మల్లేశ్వరికి అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా ఏంది?"

"తెలుసులే."

"ఎప్పట్నుంచి?"

"జిన్ను కాడ నిలబడేవోడికి తెలవకుండా ఉంటదంటే? పత్తి పొయ్యంగానే పట్టుద్ది. నూనెకీ దానికీ ఏం సంబంధం?"

"మరి నోరు తెరిచి చెప్పవే! ప్రతి ఆదోరం మెడబట్టి గెంటితే గంగిరెద్దులాగా ఎళ్ళావే! నీకసలు బుద్ధుందా?"

చలమయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "అమ్మా నువ్వూ అంత సంబరపడితిరి, మందు దొరికిందని. నూనె వల్లయితే నూనె మానుకుంటాం. పత్తి వల్లయితే ఏం మానుకుంటామే? కూడు మానుకుంటామా?"

మల్లేశ్వరికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పిడికిలి బిగించి అతని భుజం మీద గుద్దింది. గుద్దగానే అతనికి దగ్గు తెర వచ్చింది. దాంతో హడలిపోయి, గుద్దిన చోటే అరచేత్తో రాస్తూ కూర్చుంది. రోడ్డున పోయేవాళ్ళు చూస్తే చూశారని కూడా అనుకోలేదు.

దగ్గు ఆగాక ఆమే అంది. "మిల్లు కళ్ళంలో పనిచేసే పీరు మానేశాడంట. తడి పత్తి ఎండబోసి తిరగేసే పని. ఆరుబయట, ఏ నుసీ లేదు. ఇప్పుడే ఎనక్కెళ్ళి మేస్త్రీని అడుగు. నువ్వడిగితే కాదనడు."

"సరే" అన్నాడు చలమయ్య. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. అతను వెనక్కి వెళ్ళి, చాలాసేపటికి నిదానంగా నడుచుకుంటూ వచ్చాడు. "ఇస్తానన్నాడు" అని మాత్రం చెప్పాడు. ఆ పూట మల్లేశ్వరి రెండు ముద్దలు ఎక్కువ తింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర జాన్ బాషా ఆమెను ఆపాడు.

"ఇటు కాదమ్మా మల్లేశ్వరీ, నువ్వు కళ్ళంలోకి పో. ఇయ్యాల్టి నుంచి పీరు పని నీదే."

"నాదా? ఆయనకి కదండీ?"

"నీ మొగుడు నిన్న వచ్చి నీ పేరే చెప్పాడమ్మా. నీకే ఇమ్మని మరీ మరీ చెప్పాడు. నాకు కావాల్సింది ఒక మనిషి. ఎవరైతే నాకేంటి?"

మల్లేశ్వరి షెడ్డులోకి పరిగెత్తింది. చలమయ్య అప్పటికే తలకి తువ్వాలు చుట్టుకుని జిన్ను ముందు నిలబడ్డాడు. మోతలో మాట వినపడదు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఏంది బావా ఇది? నిన్నేం చెప్పా, నువ్వేం చేశావ్?"

"నీది ఇంకా సోమవారం పట్టే మల్లీ" అన్నాడు చలమయ్య, గోడకానుకుని. "ఇయ్యాల్టికి సగం వదిలింది గందా? నాది వదలట్లా. సీజను లేనప్పుడూ వదలట్లా. కుళ్ళిపోయిన పత్తిని ఎండబోసి ఏం లాభం? తడిసిందాన్ని ఎండబోయాలి గానీ."

మల్లేశ్వరి గుండె బద్దలైంది. ఎంత మెత్తని మనిషి! తన రొమ్ముని ఇలా చేసినదాని రొమ్ము గురించి ఆలోచిస్తూ రాత్రంతా కిక్కురుమనకుండా పడుకున్నాడు. ఆమె అక్కడే, మిల్లు గోడ పక్కన, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అతని తలకి చుట్టిన తువ్వాలు విప్పి తన భుజాన వేసుకుంది.

"పద ఇంటికి."

"పని..."

"పద అంటన్నానా!"

జాన్ బాషా గేటు దగ్గర అడ్డం వచ్చాడు. "ఏంటమ్మా ఇది, పనివేళ?"

"ఆయన మానేశాడండీ. ఆ జిన్ను కాడికి ఇంకెవర్నన్నా చూసుకోండి. నేను ఇప్పుడే వచ్చి కళ్ళంలో దిగుతా."

పున్నమ్మ అరుగు మీద చాప వేసుకుని మనవరాలికి జడ అల్లుతోంది. ఆ వేళప్పుడు ఇద్దరూ రావడం చూసి కంగారుపడింది.

"అప్పుడే వచ్చారేందే? ఏమైంది? మంగళారం కూడా పట్టిందా?"

"నూనె కాదత్తా" అంది మల్లేశ్వరి. "నిన్న నాక్కూడా పట్టింది. నేను శుక్రవారం పోసుకున్నా. పత్తి నుసి అత్తా. మొదట్నుంచీ అదే."

పున్నమ్మ జడ అల్లడం ఆపేసింది. జడపాయలు వేళ్ళలోనే ఉండిపోయాయి.

చలమయ్య వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎదురింటివాళ్ళు తొంగి చూస్తున్నారు. "ఆడదాని కూలి మీద మొగోడు ఇంట్లో కూచుంటే జనం ఏమనుకుంటారే? ఒక్కదానివి ఎట్టా ఈడుస్తావ్? నేను ఊరికే కూచుని ఏం చెయ్యను?"

"ఊపిరి పీల్చుకో" అంది మల్లేశ్వరి. "కూచుని ఊపిరి పీల్చుకో. అదే నీ పని. ఒక పూట తిందాం, లేకపోతే గంజి తాగుదాం. జనం ఏమన్నా అనుకోనీ. నువ్వు ఈ గడపలో ఊపిరి పీలుస్తా కూచుంటే చాలు, నేను సాయంత్రం దాకా ఎండలో నిలబడతా."

చెప్పి, వెనక్కి చూడకుండా సందు మలుపు దాకా వెళ్ళింది. వెళ్ళిందే గానీ మనసాగక అక్కడ నిలబడి చూసింది. చలమయ్య ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, ఏం చెయ్యాలో తెలియని కొత్త అల్లుడిలాగా. పున్నమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని పక్కకి జరిగింది. జరిగిన చోట అరచేత్తో చాప తుడిచింది.

"కూచోరా నాయనా" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం మల్లేశ్వరి ఎప్పుడూ వినలేదు. చలమయ్య వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.